గడియ వేసిన వంటింటి కిటికీ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్ వీధిలో ఎవరో అరిచిన నినాదానికి బెదిరి, కోస్తా నుంచి వచ్చిన మా అమ్మ వంటింటి కిటికీకి గడియ వేసేసింది. ఇరుకు సందుకి అవతల, ఎదురింటి నల్గొండ ఆవిడతో అమ్మ రోజూ కూర గిన్నెలు మార్చుకునేది ఆ కిటికీలోంచే.

అన్నం ఆవిరీ, లోపలే ఆరేసిన బట్టల చెమ్మా పోయే దారిలేక గోడంతా నల్లగా బూజు పట్టింది.

ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "జర కిటికీ తెరువు వదినా. గాలి రాకుంటే బూజు ఎట్ల పోతది?" అంది.

"మా గోడ సంగతి మేం చూసుకుంటాంలెండి," అంది అమ్మ.

బ్లీచింగ్ నీళ్ళతో ఎన్నిసార్లు తుడిచినా బూజు మళ్ళీ వచ్చేది.

ఇల్లు ఖాళీ చేసే రోజు అమ్మ ఆ గడియ తీసింది. ఎదుటి కిటికీ తెరిచే ఉంది. దాని గట్టు మీద, అప్పట్నుంచీ ఆవిడ దగ్గరే ఉండిపోయిన మా గిన్నె. ఖాళీగా తిరిగివ్వకూడదని అందులో ఏదో వండి మూత పెట్టింది ఆవిడ.

చెయ్యి చాస్తే అందేది. అమ్మ మళ్ళీ గడియ వేసింది.