పిండాలె గాని పిండొద్దు

పొద్దున్నే పెరట్లోంచి కుంకుడుకాయల నురుగు వాసన వచ్చింది. ఆ వెనకే మా ఇంట్లో పనిచేసే సరిత గొంతు: "అమ్మా, గీ బొంత గూడ పిండాల్నా?" ఏదో జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆ పిల్ల అడిగింది చిన్న మాటే. దానికి నేను మాత్రం బౌద్ధనగర్‌లో నా మంచం మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే తార్నాకలో లచ్చమ్మక్క వాకిట్లోకి వెళ్ళిపోయాను. ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది. ఇంకా ఇలా ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి పలకరిస్తూనే ఉంటుంది.

అరవైల చివర్లో బాపట్ల నుంచి ఒక ట్రంకుపెట్టె పట్టుకుని యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగానికి వచ్చాను. తార్నాకలో లచ్చమ్మక్క ఇంటి వెనక గది అద్దెకు దొరికింది. ఆమె పుట్టిల్లు గోల్నాక. భర్త క్యాంపస్‌లో మాలీగా పనిచేసి, నేను రాకముందే పోయాడు. పిల్లలు లేరు. రెండు బర్రెలను పెట్టుకుని క్యాంపస్ క్వార్టర్లకు పాలు పోసేది. నోరు పెద్దది, కోపం వస్తే బర్రెలను తిడుతోందో మనల్ని తిడుతోందో తెలిసేది కాదు. మొదటి రోజు నేను "లచ్చమ్మగారూ, మీరు భోంచేశారా?" అని అడిగితే వెనక్కి తిరిగి చూసింది.

"మీరు అంటవేంది? నేనొక్కదాన్నే గద ఉన్న. నా ఎన్క ఇంకెవరున్నరు?"

"పెద్దవారు కదండీ."

"గారు, అండీ అన్నీ మీ ఆఫీసుల పెట్టుకో బిడ్డా. నన్ను అక్కా అంటే సాలు."

అక్కా అనడం వారంలోనే అలవాటైంది గానీ 'అండీ' నన్ను వదల్లేదు. నేను అన్నప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి చూడటమూ మానలేదు. అది మా ఇద్దరికీ ఒక ఆటైపోయింది.

ఆ చలికాలం ఒకరోజు నాకు జ్వరం వచ్చింది. పల్చటి దుప్పటి కప్పుకుని వణుకుతుంటే లచ్చమ్మక్క మిరియాల పాలు పట్టుకుని వచ్చింది. తెరిచి ఉన్న ట్రంకుపెట్టెలో మడతపెట్టిన బొంత కనబడింది. "పెట్టెల బొంత పెట్టుకొని చలికి వణుకుతున్నవా? నీకేమన్న పిచ్చా?" అంటూ లాగి విప్పింది. సగం దాకా చిన్న చిన్న కుట్లు, చీమలు బారు కట్టినట్టు. తర్వాత ఏమీ లేదు, పొరలు వదులుగా వేలాడుతున్నాయి. కుట్లు ఆగిన చోట సూది గుచ్చినది గుచ్చినట్టే ఉంది, దారం కూడా తీయకుండా.

ఆ బొంత మా అమ్మ మొదలుపెట్టింది. మా ఊరి మిషన్ బడిలో టీచరు. తన పాత నేత చీరలన్నీ పొరలు పొరలుగా పరిచి, నేను చదువు ముగించి ఎక్కడికి వెళ్ళినా కప్పుకోవాలని కుడుతూ వచ్చింది. ఒక సాయంత్రం సూది గుచ్చి పక్కన పెట్టి, తలనొప్పిగా ఉందని పడుకుంది. మళ్ళీ లేవలేదు. ఆ సూదిని నేను కదపలేకపోయాను. కదిపితే అమ్మ ఇక రాదని నేనే ఒప్పుకున్నట్టవుతుందని భయం. చదువుకున్నదాన్నే, అయినా ఆ భయం పోలేదు. ఇదంతా చెబుతుంటే లచ్చమ్మక్క సూది వైపు చూసింది గానీ వేలు పెట్టలేదు.

"నేను కుట్టాల్నా?" అంది.

"వద్దండీ."

ఈసారి ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. బొంతను మడత పెట్టి పెట్టెలో ఉంచి, తన గొంగడి తెచ్చి నా మీద కప్పి వెళ్ళింది.

తర్వాత యూనివర్సిటీలో, మా వైపు నుంచి వచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలంటూ గొడవలు మొదలయ్యాయి. తరగతులు ఆగిపోయాయి, లైబ్రరీ తలుపులు మూశారు. మా వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని సామాను సర్దుకున్నాయి. నాన్న వెంటనే రమ్మని కబురు పంపాడు. రిక్షా గుమ్మంలో ఆగి ఉంది. మళ్ళీ వస్తానో రానో తెలియదు. ఏమనిపించిందో, పెట్టె తెరిచి బొంత తీసి లచ్చమ్మక్క చేతుల్లో పెట్టాను. "కుట్టండక్కా. కానీ పిండకండి," అన్నాను. అమ్మ కుట్టిన దారం పాతబడింది, పిండితే తెగుతుందని నా బెంగ. "నాకు ఎర్కలేదా బిడ్డా," అంది ఆమె. ఆమె కళ్ళు ఎందుకు నిండాయో అప్పుడు అర్థం కాలేదు.

కొన్ని నెలలకు తిరిగి వచ్చాను. సికింద్రాబాదులో బస్సెక్కి తార్నాక దాకా నోరు విప్పలేదు. ఒక్క మాట మాట్లాడితే మాది ఏ వైపో తెలిసిపోతుంది. గది నాకు ఉందో, ఇంకెవరికైనా ఇచ్చేసిందో కూడా తెలియదు. లచ్చమ్మక్క గేటు దగ్గరే ఎదురొచ్చి నా చేతిలోని సంచీ లాక్కుంది. "ఎంత సన్నబడ్డవే!" అని తిట్టి, అన్నం పెట్టి, బొంత తెచ్చి ఒళ్ళో వేసింది. పూర్తయింది. అమ్మ కుట్లు ఆగిన చోటి నుంచి ఆమె కుట్లు, కాస్త పొడుగ్గా, బిర్రుగా. అంచుకు ఎర్ర గుడ్డ పట్టీ కూడా వేసింది.

కానీ ఉతకలేదు. ఏళ్ళ నాటి దుమ్ము, పెట్టె వాసన, అమ్మ తలనూనె మరక, అన్నీ అలాగే ఉన్నాయి. మా వైపు కొత్తగా కుట్టిన బొంతను ఉతికి ఎండేసి గానీ ఎవరి చేతికీ ఇవ్వరు. ఇంత కష్టపడి కుట్టిన మనిషి ఎందుకు ఉతకలేదు? పోయిన మనిషి చీరలని మైల అనుకుందా? మేము క్రైస్తవులమనా? లేక ఊళ్ళో గాలి మారిందని, నేను పరాయిదాన్ని అయిపోయానా? అడగడానికి నోరు రాలేదు. రెండు మూడు రోజులు ఆమె పెట్టింది తింటూనే లోలోపల కుమిలిపోయాను. ఆ ఊళ్ళో నాకు ఆమె తప్ప ఎవరున్నారు?

ఆదివారం చర్చి నుంచి వచ్చి, నేనే వెడల్పాటి గంగాళంలో కుంకుడు రసం కలిపి బొంతను ముంచాను. బర్రెలకు గడ్డి వేస్తున్న లచ్చమ్మక్క అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యయ్యో, పిండుతున్నవేంది? పిండొద్దని నువ్వే గద జెప్పినవ్!"

"పిండటం లేదక్కా, ఉతుకుతున్నాను!"

"గదే, పిండుడంటే గదే గద!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా వైపు పిండటమంటే మెలితిప్పి నీళ్ళు తీయడం. ఆమె వైపు అసలు బట్టలుతకడమే పిండటం. మెలితిప్పొద్దని నేను చెబితే, ఉతకొద్దని ఆమె విన్నది. లచ్చమ్మక్క తల కొట్టుకుంటూ అక్కడే అరుగు మీద కూలబడింది.

"అమ్మ వాసన పోతదని అంటున్నవేమో అనుకున్న బిడ్డా. మా ఆయన పోయినంక ఆయన తువాల నేను ఏడాది దాక పిండలే. మా అత్త ఎన్ని తిట్లు తిట్టినా పిండలే. నువ్వు గట్ల అనంగనే నాకు సమజైందనుకున్న. వాసన ఎగిరిపోతదని బొంతను ఎండకు గూడ ఏయలే. కుట్టేటప్పుడు తలుపులు ఏసుకొని కుట్టిన."

తడి చేతులతోనే ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆ రెండు మూడు రోజులు నేను ఏమేం అనుకున్నానో ఆమెకు ఎప్పటికీ తెలియనివ్వకూడదనుకున్నాను. ఆమె మాత్రం అప్పటికే చీర ఎగ్గట్టి గంగాళంలోకి దిగింది. "ఇగ తడిసింది గద, రా, తొక్కుదం," అంది. ఇద్దరం ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని తొక్కాం. నీళ్ళు ముందు మట్టి రంగులో, తర్వాత పసుపు రంగులో వచ్చాయి. అది అమ్మ చీరల్లోని పసుపు రంగు. ఆ నీళ్ళు కాలవలోకి పోతుంటే తొక్కడం ఆపేశాను. లచ్చమ్మక్క చూసి, బొంత ఒక మూల ఎత్తి నా చేతిలో పెట్టింది. "కుట్లు జూడు. ఒక్కటన్న తెగిందా?" ఒక్కటీ తెగలేదు. బరువెక్కిన బొంతను చెరో పక్కా పట్టి, నీళ్ళు వాటంతట అవే కారేలా గోడ మీద వేశాం. అప్పుడామె నడుం పట్టుకుని నవ్వుతూ అంది, "ఇగ యాదికుంటది. పిండాలె గాని పిండొద్దు!"

ఆ తర్వాత లైబ్రరీలో ఎన్నో జిల్లాల పిల్లలు నా ముందుకు వచ్చారు. ఎవరి మాటైనా నొప్పి కలిగిస్తే, అలిగే ముందు "మీ ఊళ్ళో ఈ మాటకు అర్థమేమిటమ్మా?" అని అడగడం అలవాటైంది. ఆ అలవాటు లచ్చమ్మక్క వల్ల వచ్చిందే. ఇప్పుడు ఆ ఇంటి చోట ఏదో పెద్ద భవనం లేచింది. ఆ మధ్య అటు వెళ్ళినా గుర్తుపట్టలేకపోయాను. నన్ను బిడ్డా అని పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. ఆ పిలుపు కోసం ఈ వయసులో కూడా ప్రాణం కొట్టుకుంటుంది.

లేచి పెరట్లోకి వెళ్ళాను. సరిత బొంత అంచు పట్టుకుని ఇంకా నా జవాబు కోసం చూస్తోంది. రంగులు వెలిసిపోయాయి. అమ్మ సూది గుచ్చి వదిలిన చోట చిన్న తుప్పు మరక, ఎన్నిసార్లు ఉతికినా పోనిది, ఇంకా ఉంది. దాని మీద వేలు పెట్టాను. దానికి ఇటు అమ్మ, అటు లచ్చమ్మక్క.

"పిండాల్నా, వద్దా అమ్మా?"

"పిండాలె గాని పిండొద్దు," అన్నాను.

ఆ పిల్ల తెల్లబోయింది. నేను చీర ఎగ్గట్టి, గోడ పట్టుకుని, మెల్లగా గంగాళంలో కాలు పెట్టాను.