అందరికంటే చివర ఎక్కేవాడు

మనిషి పొడుగు, సన్నం. రేవులో అందరూ అతన్ని గెడకర్ర అంటారు. భార్య కూడా కోపం వస్తే అదే పేరుతో పిలుస్తుంది. పడవ నడపడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తండ్రి పోయాక ఆయన గెడే చేతికి వచ్చింది. ఇప్పుడు ఏటి మీద వంతెన పూర్తయింది. వచ్చే వారం నుంచి పడవ ఉండదు.

ఆఖరి రోజు ఆ పడవలో అక్క కూర్చోవాలి. అతని కోరిక అంతే.

అక్క వెళ్ళిపోయింది ఆ పడవలోనే. మంచు విడవని ఒక ఉదయం, తనకు నచ్చినవాడి పక్కన, సంచి ఒళ్ళో పెట్టుకుని ముందు కొనలో కూర్చుంది. దాటించింది తమ్ముడే. అవతల దిగి వెనక్కి చూడలేదు. ఏరు దాటి తెప్ప తగలేసిందని తండ్రి ఒక్క మాట అన్నాడు. మళ్ళీ ఆమె మాట ఎత్తలేదు, ఇంకొకరిని ఎత్తనివ్వలేదు.

అక్క ఇప్పుడు నగరంలో భూమి కింద నడిచే రైలుకి డ్రైవరు. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. ఏరు ఎలా ఉందని అడుగుతుంది. బాగానే ఉందని ఇతను చెబుతాడు. రమ్మని మాత్రం అనలేకపోయేవాడు.

అది చూసి చూసి భార్యే అంది. "మీ అక్క రైలు దిగి రాదు. నువ్వే వెళ్ళి ఎక్కు. ఫోనులో అన్న మాట ఫోనులోనే ఉండిపోతుంది."

పక్కింటాయన చేతికి ఒక్క రోజుకి గెడ ఇచ్చి బయలుదేరాడు. అప్పటికప్పుడు అక్కకు సెలవు దొరకలేదు. ఇతనికేమో రాత్రి బస్సుకు తిరిగి రాక తప్పదు. అందుకని దారంతా ఆమె ఫోనులోనే చెప్పింది. బస్సు దిగిన చోటే కిందికి మెట్లుంటాయి. నీలం గీత పట్టుకుని నడువు. రైలు ఎటు పోతుందో దాని నుదుటనే రాసి ఉంటుంది, చివరి స్టేషన్ పేరు. డిపో అని ఉన్నది నాది. ప్లాట్‌ఫారంలో రైలు తల ఆగే చివర నిలబడి, మొదటి పెట్టెలో ఎక్కు. డిపోలో నేను దిగి రెండో చివరికి నడుస్తాను. ఆ నడిచినంతసేపూ మాట్లాడుకోవచ్చు.

రైలుకైనా నుదుటి రాత చదువుకునేలా ఉందన్నాడు తమ్ముడు. అక్క నవ్విందో లేదో తెలియలేదు.

కదిలే మెట్ల దగ్గర జనం తటపటాయిస్తున్నారు. ఒకాయన కాలు ముందుకు పెట్టి వెనక్కి తీసుకుంటున్నాడు. గెడకర్రకు అది లెక్కలోకి రాలేదు. కాళ్ళ కింద నేల కదలడం పుట్టినప్పటి నుంచీ అలవాటే. టికెట్టు బిళ్ళ ఆనిస్తే తెరుచుకునే గేటు దగ్గర మాత్రం తడబడ్డాడు. అది తెరుచుకుంది, పక్కావిడ ముందు వెళ్తుందేమోనని ఆగాడు, అది మూసుకుంది. గేటు కాసే మనిషి మళ్ళీ తెరిచి, మర్యాదలు ఇంట్లో చేసుకోమన్నాడు.

కింద ఎండ లేదు. నీడ లేదు. ఏటికైతే ఎగువ, దిగువ ఉంటాయి. కళ్ళు మూసుకున్నా ఎటు నిలబడ్డాడో నీరు చెబుతుంది. ఇక్కడ రెండు వైపులా ఒకే చీకటి. పట్టాలకు అవతల అచ్చం ఇలాంటిదే ఇంకో ప్లాట్‌ఫారం, అక్కడా ఇలాగే మనుషులు. అవతలి ఒడ్డులా ఉందది, మధ్యలో నీళ్ళు లేవు. నీలం గీత వెంబడి ఆ చివరికి నడిచి నిలబడ్డాడు.

ముందు గాలి వచ్చింది. తర్వాత వెలుగు, తర్వాత రైలు. అద్దం వెనక అక్క. జుట్టు నెరిసింది. యూనిఫాం చొక్కా, మెడ దాకా గుండీలు. ఇతన్ని చూసి గడ్డం కాస్త ఎత్తి లోపలికి సైగ చేసింది. చిన్నప్పుడు అన్నానికి పిలిచేటప్పుడు అలాగే ఎత్తేది.

తలుపులు తెరుచుకున్నాయి. దిగేవాళ్ళను దిగనిచ్చాడు. చంకలో బిడ్డ ఉన్నావిడను ఎక్కనిచ్చాడు. మూటలవాళ్ళను ఎక్కనిచ్చాడు. ముసలాయన మోచేయి పట్టుకుని లోపలికి దాటించాడు. పడవవాడు అందరికంటే చివర ఎక్కుతాడు. ఒడ్డు ఖాళీ అయిందని చూసుకుని, పడవను తోసి, అప్పుడు ఎక్కుతాడు. అలా చూసుకోవడానికే వెనక్కి తిరిగాడు.

తలుపులు మూసుకున్నాయి.

రైలు వెళ్ళిపోయింది. డ్యూటీలో ఆమె ఫోను ఆపేసి సంచిలో పెట్టేస్తుంది. గెడకర్ర అక్కడే నిలబడ్డాడు. కంగారు పడలేదు. వెళ్ళిన పడవ ఏ రేవు నుంచి వెళ్ళిందో ఆ రేవుకే వస్తుంది. రైళ్ళు వచ్చి పోతున్నాయి. ప్రతి అద్దంలోకీ చూస్తున్నాడు.

నేల తుడిచే ఆవిడ అతని పాదాల చుట్టూ అప్పటికి రెండుసార్లు తుడిచింది. మూడోసారి అడిగింది.

"ఎవరి కోసమయ్యా?"

"ఇందాక వెళ్ళిన రైలు కోసం."

"వెళ్ళిన రైలు వెనక్కి ఇటు రాదు. అటు వస్తుంది." చీపురు పట్టాలకు అవతలికి చూపించింది.

అవతల అప్పుడే ఒక రైలు ఆగి ఉంది. అతను నిలబడిన చోటికి ఎదురుగా దాని తోక. తల ఎక్కడో ఆ చివర. అతను పరుగెత్తాడు. స్తంభాల మధ్య నుంచి చొక్కా భుజం ఒకటి కనిపించింది, అంతే. రైలు చీకట్లోకి వెళ్ళింది. అది అక్కో కాదో.

తిరిగి వచ్చేసరికి ఆవిడ అక్కడే ఉంది. మా ఊళ్ళో వెళ్ళిన పడవ అదే రేవుకు తిరిగొస్తుందన్నాడు. మీ ఊరి పడవకు ఒక్క రేవు కాబోలు, దీనికి రెండని చెప్పింది. మెట్లెక్కి అటు వెళ్ళనా అని అడిగాడు. వద్దంది. నువ్వు అటు వెళ్తావు, అది ఇటు వస్తుంది, సాయంత్రం దాకా ఇదే ఆట అవుతుంది. రైలు ఆ చివరి స్టేషన్ దాకా వెళ్ళి మళ్ళీ ఇక్కడికే రావాలి, ఉన్నచోటే ఉండమంది. వెళ్తూ వెళ్తూ ఆగింది. "ఈసారి తలుపు తీయగానే ఎక్కు. ఇక్కడ మంచివాళ్ళు మిగిలిపోతారు."

చాలాసేపు పట్టింది. రేవులో అక్క కోసం ఇన్నేళ్ళు ఎదురుచూశాడు, అది ఎదురుచూపని ఎప్పుడూ అనిపించలేదు. చేతిలో పని ఉండేది. ఇక్కడ చేతులు ఖాళీ.

గాలి వచ్చింది. వెలుగు వచ్చింది. అక్క ఈసారి సైగ చెయ్యలేదు, చూస్తూ ఉంది. తలుపు తెరుచుకోగానే దిగేవాళ్ళ భుజాలు తోసుకుంటూ ఎక్కేశాడు. సిగ్గేసింది. డ్రైవరు గది తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. జనం కమ్మీలు పట్టుకుని ఊగుతున్నారు. అతను ఏమీ పట్టుకోలేదు. ఆ రేకు తలుపుకు అవతల అక్క ఉంది.

డిపోలో అందరూ దిగిపోయారు. తలుపు తెరిచి, భుజాన సంచీతో అక్క బయటికి వచ్చింది. ఎక్కాల్సినప్పుడు ఎందుకు ఎక్కలేదని అడగలేదు. అలవాటు పోలేదన్నమాట అంది. రైలు పక్కనే నడవడం మొదలుపెట్టారు.

"దీన్ని వెనక్కి తిప్పరా అక్కా?"

"తిప్పనక్కర్లేదురా. మన పడవలాగే. మనమే ఈ కొన నుంచి ఆ కొనకి నడవాలి."

వంతెన సంగతి చెప్పాడు. పడవకు ఆఖరి రోజు ఎప్పుడో చెప్పాడు. ఆమె నడక తగ్గింది.

"నువ్వు రావాలక్కా. దాటించింది నేను. వెనక్కి తెచ్చేదీ నేనే అవ్వాలి."

"ఇన్నాళ్ళకి అడిగావు." తిట్టినట్టు లేదు. నిజం చెప్పినట్టు ఉంది. "నాన్న అనకపోయినా, నువ్వైనా రమ్మంటావని ఫోను చేసేదాన్ని."

రైలు పెట్టెలు ఒక్కొక్కటే వెనక్కి జరుగుతున్నాయి. ఏటి నడిమధ్యలో గెడ అడుగుకు అందుతోందా అని ఆమె అడిగింది. అందుతోందన్నాడు. నా చోట ఎవరు కూర్చుంటారంది. ఎవరైనా కూర్చుంటారు, దిగిపోతారు అన్నాడు.

రెండో చివర వచ్చేసింది. ఆమె తాళం తిప్పి గది తెరిచింది. ఒక కాలు లోపల పెట్టి ఆగింది.

"ఆ రోజు డ్యూటీ ఉంది. మార్చుకోగలనో లేదో తెలీదు. అవతలి ఒడ్డున ఎంతసేపు ఆగుతావు?"

"మన పడవకి తలుపుల్లేవుగా అక్కా."

ఆమె రెండో కాలూ లోపల పెట్టింది. అతను మొదటి పెట్టె ఎక్కాడు.

ఆఖరి రోజు జనం బాగా వచ్చారు. వంతెన ఉన్నా, సరదాకి పడవెక్కారు. గెడకర్ర రోజంతా ముందు కొనలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. అవతలి ఒడ్డుకు చేరిన ప్రతిసారీ దారి వైపు చూశాడు. సాయంత్రం అక్కడ ఆఖరి మనుషులు ఎక్కారు. అతను నీళ్ళలో నిలబడి, పడవ అంచున చెయ్యి వేసి, తోయలేదు. ఇక కదులు బాబూ, పెళ్ళికూతురు రావాలా అని ఎవరో నవ్వారు. ఇంకొంచెంసేపు ఆగి తోశాడు.

ఇవతల అందరినీ దించాడు. ఎక్కడానికి ఎవరూ లేరు. అయినా పడవ మళ్ళీ అవతలికి నడిపాడు. అక్కడ మోకుతో కట్టాడు. ముందు కొన తడి తుడిచాడు. గెడ పడవలోనే ఉంచాడు.

చీకటి పడుతుండగా ఇల్లు చేరాడు. రేవు ఖాళీగా ఉందని భార్య అప్పటికే చూసింది.

"పడవేది?"

"అవతల ఉంది."

"మరి నువ్వెలా వచ్చావు?"

"వంతెన మీద నడిచి" అన్నాడు.