లోయ దారిలో బండను తట్టిన మనిషి

మా కాలనీలో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు నవ్వేది నేనే. తాయెత్తుకు పెట్టే పైసలతో పల్లీలు కొనుక్కుని తినండి, ఒంటికైనా పడతాయి అనేదాన్ని. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ మారిషస్‌లో నేను చూసింది మాత్రం నా బుర్రకు అందడం లేదు.

మాది మంచిర్యాల పక్క బొగ్గుగని కాలనీ. మా ఆయన గనిలో పైకప్పుకు ఆసరాగా దుంగలు నిలబెట్టేవారు. ఇరవై రెండేళ్ల కిందట ఒక ఆదివారం చెన్నూరులో మా అక్క ఇంటికి తీసుకెళ్తానని మాటిచ్చి, తీరా పొద్దున్నే డ్యూటీకి బయలుదేరారు. నాకు ఒళ్లు మండింది. ఆయన గడపలో నిలబడి, "పోయొస్తనే. ఒక్క మాటన్న మాట్లాడవా?" అన్నారు. నేను గిన్నెలు తోముతూ తలెత్తలేదు. ఆ రోజు గనిలోనే ఆయన గుండె ఆగిపోయింది. ఒక్కసారి కనిపిస్తే చాలు, ఆ ఒక్క మాట మాట్లాడేద్దామని ఎంత ఏడ్చానో.

అప్పుడు మూడేళ్ల పిల్ల, మా కూతురు రజిత, ఇప్పుడు మారిషస్‌లో నర్సు. నిరుడు నన్ను పిలిపించుకుంది. ఒకరోజు లోయలు చూపిస్తానని తీసుకెళ్లింది. కొండ అంచున కంచె పట్టుకుని చూస్తే కింద అంతా పచ్చటి అడవి. పొడుగాటి తోకల తెల్ల పిట్టలు మన కాళ్లకన్నా కిందుగా ఎగురుతున్నాయి. మా ఆయన బతికినన్నాళ్లూ భూమి కింద చీకటే చూశారు, ఇది చూడకుండానే పోయారు కదా అనుకున్నాను.

తర్వాత అడవి బాట పట్టాం. పక్కన పొదల నిండా ఎర్రటి చిట్టి జామకాయలు. పన్నెండు దాటింది, ఎండ బాగా ఉంది. ఒకచోట పెద్ద బండ దారి మీదికి వాలి ఉంది. రజిత వెనక కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది.

బండ కింద, నాకు ఇరవై అడుగుల ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. వీపే కనిపిస్తోంది. చేతిలో కర్ర. దానితో పైన బండను మూడుసార్లు తట్టి, తల కుడికి వంచి ఎడమ చెవితో విన్నాడు. గనిలో రాయి గట్టిదా, వదులుదా అని అలాగే చూస్తారు. కుడి చెవి మందం కాబట్టి మా ఆయన ఎప్పుడూ ఎడమ చెవే పెట్టేవారు. డ్యూటీకి వేసుకునే అదే నీలం చొక్కా. దుంగలు మోసి కాస్త కుంగిన అదే భుజం. విని, నెమ్మదిగా ముందుకు కదిలారు.

పిలుపు నా గొంతు దాకా వచ్చింది. కానీ డ్యూటీకి పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు, కీడు. మా కాలనీలో ఏ ఆడదీ పిలవదు. దేన్నీ నమ్మని నేను కూడా అదొక్కటి ఏనాడూ తప్పలేదు. చేత్తో నోరు మూసుకున్నాను. ఆయన మలుపు తిరిగారు.

అప్పుడు పరుగెత్తాను. మలుపు దాటితే చెక్క కంచె, దాని అవతల లోయ. బాట అక్కడితో ఆఖరు. ఎవరూ లేరు.

"అవ్వా, ఎవరో బండను కొట్టినట్టు ఇనబడ్డది. ఎవరు?" అంటూ రజిత వచ్చింది. తను ఎవరినీ చూడలేదు. మూడు దెబ్బలు మాత్రం విన్నది. జరిగింది చెప్పాను. నా బిడ్డ కంచె మీదికి వంగి లోయలోకి చూసింది.

"మరి పిలువకపోతివి? నాకు బాపు మొకం కూడ యాదికి లేదు."

ఎవరో అక్కడి మనిషే అయి ఉండొచ్చు. అయితే ఎటు పోయినట్టు? నాకు తెలియదు. పోయిన మనిషికి ఇంకేం కీడు జరుగుతుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. మొదటిసారి కోపంతో మాట్లాడలేదు. రెండోసారి, ఆయనకు ఏమీ కాకూడదని.