పసుపు దారం, పెట్రోలు గొట్టం

"బస్సులో పోండి! బస్సు ఈ దయ్యంలాగ పొగ కక్కదు!"

"నోరు ముయ్యి సావీ! నా బిడ్డని నా బండిలోనే తీసకపోతా!"

"ఏది, సిగ్నల్ కాడ చచ్చే బండిలోనా?"

కారు బానెట్ కింద తల దూర్చిన తరుణ్‌కి మొగుడూ పెళ్ళాల గొడవంతా వినబడుతోంది. దేవన్, సావీ మామూలుగా ఇంగ్లీషులోనే బతుకుతారు. తిట్టుకునేటప్పుడు మాత్రం కూలీలుగా వచ్చిన తాతలు ఈ దేశపు చెరుకుతోటలకి మోసుకొచ్చిన తెలుగు బయటికొస్తుంది. తరుణ్ కాకినాడలో ఇంజనీరింగు సగంలో వదిలేసి, సముద్రం దాటి, ఖర్వాస్తాన్ అనే ఈ పేటలో వీళ్ళ పక్కింట్లో ఉండే అక్క దగ్గరికొచ్చి పడ్డాడు. వదిలేశానని ఎంత చెప్పినా దేవన్ వినడు. ఇండియా నుంచి వచ్చాడంటే ఇంజనీరే.

దేవన్ వయసంతా కూరగాయల లారీ మీదే పోయింది. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో తెల్లవాళ్ళ ఆసుపత్రి ఒకదానికి క్యాబేజీ బస్తాలు దింపేవాడు, వెనక గేటు నుంచి. ఒకసారి దారి తప్పి ముందు గేటు కాడ ఆపితే వాచ్‌మన్ కుక్కని వదిలాడు. తెల్లవాళ్ళ పాలన పోయి, నల్లవాళ్ళతో సహా అందరూ ఓట్లేసిన మరుసటేడు అదే ఆసుపత్రిలో కూతురు కెరిషాకి నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. రేపే చేరాలి. ముందు గేటులోంచి, సొంత బండిలో, తానే దింపాలని దేవన్ పట్టు.

ఆ ఊరి దారిలో ఘాట్ ఎక్కేటప్పుడు పాత పంపు చాలక ఇంజనుకి పెట్రోలు అందేది కాదు. అందుకే పెద్ద పంపు వేయించాడు. ఇప్పుడు రోగం తిరగబడింది. పెట్రోలు ఎక్కువై నల్లపొగ, ప్లగ్గులనిండా మసి.

తరుణ్‌కి బుర్ర పని చెయ్యడం లేదు. ప్రెషర్ మీటరు ముల్లు పైకెక్కి కూర్చుంది, దిగదు. ప్రెషర్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటరు మార్చాడు. దిగలేదు. పంపు మరీ పెద్దదా? మీటరే అబద్ధమా? నేనే ఏదైనా తలకిందులుగా బిగించానా? అసలు బలం ఎక్కువిస్తే బండి నీరసపడటమేంటి?

"ఏం తంబీ, దొరికిందా?"

"లేదు బాబాయ్. నాకేం తెలీడం లేదు."

"ఎయిష్! ఇంజనీరు గూడా ఇట్లే అంటే ఎట్ల?"

విసుగొచ్చి, మిగులు పెట్రోలు ట్యాంకుకి తిరిగి పోయే గొట్టాన్ని రెగ్యులేటరు దగ్గర ఊడబీకి, అక్కడ ఇంకో గొట్టం ముక్క తగిలించి డబ్బాలోకి వదిలాడు. ముల్లు టక్కున దిగింది. ఇంజను పిల్లిలా గుర్రుమంది. అంటే పంపుది తప్పు కాదు. తిరుగుదారిలోనే ఎక్కడో అడ్డముంది. ఇంజను ఆపి, గొట్టం వెంబడి వేలు పోనిచ్చాడు. ఇంజను వెనక వంపులో ఏదో గరుగ్గా తగిలింది. గుడ్డతో తుడిచాడు. నూనె మసి కింద పసుపు.

దారం. పేటలు పేటలుగా చుట్టి, బిర్రుగా ముడేసిన పసుపు దారం. పెట్రోలుకి మెత్తబడ్డ పాత రబ్బరు గొట్టం దాని కింద నడుం బిగించినట్టు నొక్కుకుపోయింది.

"ఇదెవరు కట్టారు?"

గొడవ ఆగిపోయింది. సావీ దగ్గరకొచ్చి చూసింది.

"నేనే. కొత్త పంపు పెట్టినాక సామికి టెంకాయ కొట్టి, బండికి రక్షగా కాపు కట్టినా. చెయ్యి అందినకాడ కట్టినా."

"పిన్నీ, ఇదే బండిని చంపుతోంది. కత్తెర తెండి."

"తెంచేది లేదు! పిల్ల పోయి చేరేదాకా ఆ కాపు తెగకూడదు. తెంచితే నేను దాన్ని ఆ బండి ఎక్కనియ్యను!"

తరుణ్ దేవన్ వైపు చూశాడు. ఇంకేముంది, ఇద్దరూ మళ్ళీ మొదలెడతారనుకున్నాడు. దేవన్ అరవలేదు. భార్య ముఖం చూశాడు, గొట్టం మీది దారం చూశాడు, మసిపట్టిన తన లావుపాటి వేళ్ళు చూసుకున్నాడు. బండిని ఆపిన దారాన్ని ఇంత మర్యాదగా చూడటమేంటో తరుణ్‌కి అర్థం కాలేదు.

"సావీ, బండి తోలేది ఎవురు?"

"నువ్వే."

"మరి కాపు నాకుంటే చాలదా?"

సావీ కొంగుతో దేవన్ మణికట్టు మీది మసి తుడిచింది.

దేవన్ ఆ చెయ్యి తరుణ్ ముందుకు చాచాడు.

"తంబీ, నావి మొద్దు వేళ్ళు. నువ్వు తెగకుండా మెల్లిగా విప్పు. విప్పి, ఇక్కడ కట్టు. ఆ ముందు గేటు దాటేదాకా ఊడకుండా కట్టు."