ల్యాంపు గది కమలాక్షి రాసిన చిమణి కథ

మహారాష్ట్రలోని చంద్రపూర్ బొగ్గుగని కాలనీలో ల్యాంపు గది కమలక్క అంటే తెలియనివాళ్లు లేరు. గనిలోకి దిగే ప్రతి మనిషీ ముందు ఆమె కిటికీ దగ్గర నిలబడాల్సిందే. టోపీకి తగిలించుకునే ల్యాంపు ఆమె చేతిమీదుగా పోవాలి, పైకొచ్చాక మళ్లీ ఆమె చేతికే రావాలి. మేనేజరైనా సరే, ల్యాంపు ఇవ్వకుండా ఇంటిదారి పట్టాడంటే వెనక్కి పిలిపించేది. "సాబ్, మీరు పైకొచ్చిన్రని నాకెట్ల తెల్వాలె? మీ ల్యాంపు చెప్పాలె గద!" అనేది. ఆఖరి ల్యాంపు వచ్చి కొక్కేనికి వేలాడేదాకా ఆమె కిటికీ మూసి ఎరగదు. అందుకే కాలనీలో ఆమెకు మొండిఘటమని పేరు. ఆ పేరు చెవిన పడితే కోప్పడకపోగా మురిసిపోయేది.

అలాంటి మనిషి తెలుగులో నవల రాసిందంటే ఎవరు నమ్ముతారు? అదీ పిల్లల కోసం, మాయలూ సాహసాలూ నిండిన నవల! కానీ రాసింది. షిఫ్టు కిందికి దిగాక, మళ్లీ పైకొచ్చేదాకా ల్యాంపు గదిలో పలకరించే దిక్కుండదు. ఆ ఖాళీలోనే పుట్టింది చిమణి. మరాఠీలో చిమణి అంటే పిచ్చుక. గని కార్మికుడి కూతురైన ఈ పిల్ల, కిటికీ దగ్గరి పెద్దమ్మను బతిమాలి ఒక ల్యాంపు సంపాదించి, పాడుబడ్డ సొరంగంలోకి దిగుతుంది. బొగ్గంటే ఒకప్పటి అడవే కదా, ఆ అడవి అక్కడింకా బతికే ఉంటుంది. చెట్లు నడుస్తుంటాయి. గద్దలంత తూనీగలు ఎగురుతుంటాయి. వెలుగును చెరలో పెట్టిన రాజొకడు ఉంటాడు. చిమణి వాణ్ని ముప్పుతిప్పలు పెట్టి ఆ వెలుగును విడిపిస్తుంది. అక్కడి జనమంతా మా రాణివై ఇక్కడే ఉండిపొమ్మంటారు. పిల్ల ఒప్పుకోదు. పైన పెద్దమ్మ ల్యాంపు కోసం కూర్చుని ఉంటుందని తిరిగొచ్చేస్తుంది. చివరి అధ్యాయం నిండా ఆ పెద్దమ్మ ఎదురుచూపే.

హైదరాబాద్‌లో ఒక ప్రచురణకర్త దాన్ని చదివి ఫోన్ చేశాడు.

"అద్భుతంగా ఉందమ్మా, అచ్చు వేస్తాం. చివరి అధ్యాయం ఒక్కటి తీసెయ్యండి. అంత సాహసం చేసిన పిల్ల రాణి కావాలి గానీ, ల్యాంపు అప్పజెప్పడానికి వెనక్కి రావడమేమిటి? కిటికీ దగ్గర కూర్చున్న పెద్దావిడతో పిల్లలకేం పని?"

ఆలోచించుకుని చెప్తానంది కమలాక్షి. కూతురు శ్రావణి మాత్రం గంతేసినంత పని చేసింది. ఆమె ఊళ్లో మరాఠీ బడి పంతులమ్మ.

"ఒప్పుకో అమ్మా! హైదరాబాదోళ్లు అచ్చేస్తమంటుంటే ఒక్క అధ్యాయానికి గింత పంతమా?"

"నువ్వు సదివినవా ఆ అధ్యాయం?"

శ్రావణి చదవలేదు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదువంతా మరాఠీలోనే సాగింది. తెలుగు అక్షరం కనిపిస్తే గుటకలు మింగుతుంది.

"కూసో. నేను సదువుత, నువ్వు విను."

కమలాక్షి చదవసాగింది. షిఫ్టు ముగిసింది. చిమణి ల్యాంపు కొక్కెం ఖాళీగా ఉంది. పొరపాటున ఇంటికి పట్టుకుపోయి ఉంటుందిలే, తాళం వేసెయ్యమంటాడు గుమాస్తా. పెద్దమ్మ కదలదు. అక్కడికి వచ్చేసరికి శ్రావణికి ఏడుపు ఆగలేదు.

శ్రావణి తండ్రి రామకిషన్ అదే గనిలో నీళ్లు తోడే పంపు చూసేవాడు. ఎక్కడో మూలన, ఒంటరి పని. పైకప్పు కూలి ఆయన చిక్కుకుపోయిన రోజున, ల్యాంపు గదిలోని మనిషి ఖాళీ కొక్కేన్ని చూశాడు. మరిచిపోయి ఇంటికి పట్టుకుపోయాడులే అనుకుని తాళం వేసి వెళ్లిపోయాడు. డబుల్ డ్యూటీ పడిందేమోనని ఇంట్లో కమలాక్షి కూడా ఊరుకుంది. మర్నాడు వెతికేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత ఆఫీసులో కూర్చోబెట్టి ఉద్యోగం ఇస్తామంటే కాదని, కమలాక్షి ఆ ల్యాంపు గదే కావాలని పట్టుబట్టి తీసుకుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కూతురికి ఇప్పుడు తెలిసింది.

ఫోన్ చేసింది శ్రావణే. "సార్, ఆ అధ్యాయం ఉంటేనే పుస్తకం. లేకుంటే మాకొద్దు."

మీ ఇష్టమని ఆయన మర్యాదగా ఫోన్ పెట్టేశాడు. తల్లి పంతం నెగ్గింది గానీ, మనసు చివుక్కుమంది. ఏళ్ల కష్టం మరి! చివరికి శ్రావణే దగ్గర కూర్చుని, "నువ్వు సదువమ్మా, నేను మరాఠీల రాస్త" అంది.

అలా మొదలైంది. సాయంత్రమైతే తల్లి చదవడం, కూతురు రాయడం, మధ్యలో ఇద్దరూ పోట్లాడుకోవడం. తూనీగ గద్దంత ఉండాలా, కాకంత ఉంటే చాలదా అన్న దగ్గర ఒక పూట మాటలే లేవు. గద్దే గెలిచింది. చంద్రపూర్‌లోని చిన్న ప్రెస్సు ఒకటి ఒక్క ముక్కా తీయకుండా అచ్చు వేసింది. అట్టమీద అమ్మ పేరు, దాని కింద కూతురి పేరు. కమలాక్షి ఆ అట్టను చీరకొంగుతో ఎన్నిసార్లు తుడిచిందో!

శ్రావణి బడిలో పిల్లలు పుస్తకం చదివి, రాసినామెను చూడాలన్నారు. మేనేజర్‌నే వెనక్కి పిలిచిన మనిషి ఆ పిల్లల ముందు బెరుకుగా నిలబడింది. అయినా హైదరాబాద్ ఫోన్ వచ్చిన నాటి నుంచి తొలుస్తున్న ప్రశ్న అడక్కుండా ఉండలేకపోయింది. వాళ్ల మరాఠీలోనే అడిగింది.

"చిమణి అక్కడే రాణిగా ఉండిపోతే బాగుండునని ఎవరికనిపించింది?"

బిలబిలా చేతులు లేచాయి. సగం తరగతి పైనే. శ్రావణి మొహం వాడిపోయింది. కమలాక్షికి అనుమానమొచ్చింది. ఆ హైదరాబాద్ పెద్దమనిషే నిజం చెప్పాడా?

వెనక బల్లమీద వైశాలి అనే పిల్ల తనూ చెయ్యెత్తబోయి ఆగింది. లేచి నిలబడి, మరాఠీ పిల్లలు అవ్వను పిలిచినట్టే ఆజీ అని పిలిచింది.

"కానీ ఆజీ, చిమణి రాకపోతే కిటికీ దగ్గరున్న ఆమె ఇంటికెలా వెళ్తుంది?"

ఎత్తిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పిల్లలంతా కమలాక్షి వైపు చూశారు. ఆమె కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. తలెత్తి నిలబడింది.

"వెళ్లదు తల్లీ," అంది. "ఆమె నేనే."