ఎంటరమ్మకి నాలుగు అరలు చాలు

ఎంటరమ్మ అన్న పేరు ఆవిడకి వీధివాళ్ళు పెట్టింది కాదు, కట్టుకున్నాయనే పెట్టాడు. ఆయన పురపాలక కార్యాలయంలో సర్వేయరు. రోడ్డో మురుగుకాలువో వేసే ముందు నేల ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని కొలవడం ఆయన పని. పొద్దంతా ఎండలో మూడుకాళ్ళ పరికరం నిలబెట్టి, దూరాన అంకెల కర్ర పట్టుకున్న మనిషి వైపు ఒంటికన్నుతో చూసి, కనపడిన అంకె లెవెలు పుస్తకంలో రాసుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుని, వంటగది బల్ల దగ్గర కూర్చుని ఆ అంకెలు పైకి చదివేవాడు. ఆవిడ కాలిక్యులేటరు మీటలు నొక్కేది.

"నూట రెండు పాయింట్ నాలుగు అయిదు సున్నా."

"ఎంటర్," అనేది ఆవిడ, నొక్కానని తెలియడానికి.

ఇరవై రెండేళ్ళు ఇదే వరస. మిగతా ఇళ్ళలో మొగుడూ పెళ్ళాలు సాయంత్రాలు ఏం మాట్లాడుకుంటారో గానీ, వీళ్ళ కాపురం సగానికి సగం ఆ ఒక్క మాట మీదే నడిచింది.

ఆ కాలిక్యులేటరు కూడా అందరి ఇళ్ళలో ఉండే రకం కాదు. దానికి "ఈజ్ ఈక్వల్ టు" మీట లేదు. రెండూ మూడూ కలపాలంటే ముందు రెండు, తరవాత ఎంటర్, తరవాత మూడు, ఆ తరవాత ప్లస్. ఇంటికొచ్చిన ఇంజినీర్లు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పాడైపోయిందని చెప్పి ఇచ్చేసేవారు. ఆరో తరగతితో బడి మానేసిన ఎంటరమ్మకి మాత్రం మొదటిరోజే తలకెక్కింది. "ఇందులో వింతేముంది? సామాను ముందు పెట్టుకుని తరవాత కదా కలుపుతాం. ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతూ ఉప్పు కోసం వెతుక్కునేది మీ ఇంజినీర్లే," అంది. ఆయన ఆ మాట ఆఫీసులో చెప్పి నలుగురి చేతా తిట్లు తిన్నాడు.

పోయిన ఏడాది వానలకి ముందు, ఒక మధ్యాహ్నం ఆయన కుర్చీలో వాలినవాడు వాలినట్టే వెళ్ళిపోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా వచ్చారు, గుండె రాయి చేసుకోమన్నారు, వెళ్ళారు. నెల తిరిగాక కర్ర పట్టుకునే మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మగారూ, కొత్త సర్వేయరుగారు కొలుస్తున్నారు గానీ, ఆ కొలతలు తేల్చడం ఆయన వల్ల కావట్లేదు. అయ్యగారి పుస్తకాలు తేల్చేది మీరేనంట కదా?" అని, లెవెలు పుస్తకం బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని గబగబా వెళ్ళిపోయాడు.

నెలరోజులుగా ఎవరేం చెప్పినా తలూపి ఊరుకున్న మనిషి ఆ సాయంత్రం పుస్తకం తెరిచింది. ఇప్పుడు చదివేదీ ఆవిడే, నొక్కేదీ ఆవిడే. వారానికొకటి వచ్చే ఆ పుస్తకం లేకపోతే సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో ఆవిడకి తెలియదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే గుడికో పార్కుకో వెళ్ళమంటారు.

అలా ఏడాది గడిచేసరికి కాలిక్యులేటరుకి వృద్ధాప్యం వచ్చింది. అన్ని మీటలూ బాగానే ఉన్నాయి. ఎంటరొక్కటే, నొక్కితే పలికినప్పుడు పలుకుతుంది, లేనప్పుడు లేదు. చెంచా కాడతో గట్టిగా అదిమితే నాలుగుకి ఒకసారి మాట వింటోంది. బాగుచేసేవాడు దాన్ని చూసి, మ్యూజియం అడ్రసు చెప్పాడు. దాంతో ఒక పుస్తకం మూడు రోజులు ఆలస్యమైంది.

సోమవారం పొద్దున పురపాలక కార్యాలయం నుంచి ఇంజినీరమ్మ స్వయంగా వచ్చింది. కొత్తగా వచ్చిన పిల్ల, పనిమంతురాలు, కూర్చోమన్నా కూర్చోదు.

"ఆంటీ, ఏమనుకోకండి. పెద్ద కాలువ పుస్తకం శనివారం పదకొండుకల్లా నా చేతిలో ఉండాలి. మీకు కుదరకపోతే చెప్పేయండి. ఇకమీదట అన్నీ కంప్యూటర్ల కంపెనీకి ఇచ్చేస్తాను. మీకూ శ్రమ తప్పుతుంది."

"నాకు శ్రమేం లేదమ్మా," అంది ఎంటరమ్మ.

రెండు వీధుల అవతల ఉన్న కూతురికి ఫోన్లో ఈ ముక్క చెప్పగానే, పక్కనుంచి అల్లుడు అందుకున్నాడు. అల్లుడు ఫోన్లలో యాప్‌లు చేసే కంపెనీలో ఉద్యోగి. అప్పటికి అతను చేసిన వాటిలో పేరు తెచ్చుకున్నది, దాహమేస్తే నీళ్ళు తాగమని గుర్తుచేసే యాప్.

"అత్తయ్యా, మీరు బెంగ పెట్టుకోకండి. అచ్చం మీ కాలిక్యులేటరులాంటిదే మీ ఫోన్లో పెట్టేస్తాను. రెండు రోజుల పని."

అన్నట్టే బుధవారం తెచ్చాడు. ఎంటరమ్మ కళ్ళజోడు తుడుచుకుని ఫోన్ అందుకుంది. బొమ్మ నొక్కగానే ఒక తాబేలు వచ్చి స్వాగతం చెప్పింది. తరవాత ఫోన్ నంబరు అడిగింది. తరవాత ఆవిడ ఎక్కడుందో చూడొచ్చా అని అడిగింది. తరవాత ఆవిడకి తెలిసినవాళ్ళందరి నంబర్లూ చూడొచ్చా అని అడిగింది.

"తీసివేతకి మా చుట్టాల నంబర్లెందుకు బాబూ?"

"అది రివాజు అత్తయ్యా. అన్ని యాప్‌లూ అడుగుతాయి."

"మీ మామగారి కాలిక్యులేటరు ఎప్పుడూ అడగలేదు."

సరేనని ఒక లెక్క చేసింది. జవాబు రాగానే తెరంతా రంగుకాగితాలు ఎగిరాయి, "అభినందనలు!" అని తాబేలు గంతులేసింది. ఎంటరమ్మ బిత్తరపోయి ఫోన్ బల్ల మీద పెట్టేసింది. పుస్తకంలో ఆరువందల తీసివేతలున్నాయి.

"మరి ఈ మూల ఈజ్ ఈక్వల్ టు ఎందుకుంది?"

"మా మేనేజరు పెట్టమన్నాడు. అది లేకపోతే జనం భయపడతారట."

"నొక్కితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు అత్తయ్యా. నొక్కామన్న తృప్తి."

కూతురు అంతదాకా గోడకి ఆనుకుని చూస్తోంది. "ఏమండీ, మా అమ్మకి కావలసింది కాలిక్యులేటరు. తాబేలునీ తృప్తినీ మీ మేనేజరుకి ఇచ్చేయండి," అంది.

గురువారం సాయంత్రానికి తాబేలు పోయింది, కాగితాలు పోయాయి, ఆ మీటా పోయింది. అయినా అల్లుడి మొహం వెలిగిపోతోంది. ఎందుకంటే అసలైన కానుక లోపల దాచాడు.

"పాతదాంట్లో అంకెలు దాచుకోవడానికి ఎన్ని అరలుండేవి అత్తయ్యా?"

"నాలుగు."

"నేను వెయ్యి పెట్టాను!"

"వెయ్యి నేనేం చేసుకోను బాబూ?"

"ఉంటే మంచిదేగా. నింపుకుంటూ పోవడమే."

కొత్త బట్టలు తెచ్చినవాడిలా నిలబడ్డాడు. ఆవిడ కాదనలేక, చాలా బాగుందంది.

శుక్రవారం మధ్యాహ్నం పని ముగించుకుని లెక్కకి కూర్చుంది. ఆవిడ పద్ధతి ఆయన నేర్పిందే. పరికరం ఉన్న ఎత్తు నూట రెండు పాయింట్ నాలుగు అయిదు సున్నా. అది ఒకసారి కొట్టి మూడుసార్లు ఎంటర్ నొక్కితే నాలుగు అరలూ దాంతోనే నిండుతాయి. ఇక కర్ర మీది అంకె కొట్టి మైనస్ నొక్కితే ఆ చోటి నేల ఎత్తు వస్తుంది. దాన్ని పుస్తకంలో రాసుకుని, తుడిచి, తరవాతి అంకె. ఎత్తు మళ్ళీ మళ్ళీ కొట్టే పనే లేదు.

మొదటి అంకెకి నూట ఒకటి పాయింట్ రెండు ఒకటి అయిదు వచ్చింది. రెండోది, మూడోది కూడా వరసగా, కాస్త కాస్త పల్లంగా, కాలువ ఎలా ఉండాలో అలాగే వచ్చాయి. నాలుగోదానికి మైనస్ ఒకటి పాయింట్ అయిదు రెండు సున్నా అంది.

ఎంటరమ్మ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. మూడిళ్ళ దాకా బాగున్న వీధి నాలుగో ఇంటి దగ్గర వందమీటర్లు కిందకి కుంగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ మూడిళ్ళు నిలిచాయి, నాలుగో ఇల్లు మునిగింది. అప్పటికి ఒక్క పేజీ కూడా పూర్తికాలేదు. రేపు పదకొండుకి గడువు. కూతురికి ఫోన్ చేసింది.

ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు అల్లుడు, వెనకాలే కూతురు.

"ఎక్కడో తప్పు నొక్కి ఉంటారు అత్తయ్యా. కంగారులో."

"ఇరవై రెండేళ్ళు నొక్కిన చెయ్యి తప్పు నొక్కింది, రెండు రోజుల కింద పుట్టిన మీ యాప్ మాత్రం ఒప్పు!" అంది కూతురు.

"నువ్వు ఆగవే," అని ఎంటరమ్మ పాత కాలిక్యులేటరు తెచ్చి ఫోన్ పక్కన పెట్టింది. చెంచా కాడతో ఎంటర్ని అదిమి, అదిమి, ఎలాగో మూడుసార్లు పలికించింది. రెంటిలోనూ ఒకే లెక్క చేసింది. నాలుగో తీసివేత అయ్యాక, పాతదాంట్లో అరలు ఒక్కొక్కటిగా చూపించే మీట నొక్కింది. జవాబు కాక మిగతా మూడు అరల్లోనూ నూట రెండు పాయింట్ నాలుగు అయిదు సున్నా చెక్కుచెదరకుండా ఉంది. ఫోన్లో చూస్తే జవాబున్న అర తప్ప అన్నీ బోసిగా ఉన్నాయి.

"చూశారా బాబూ. దీంట్లో పై అరలోది కిందకి దిగుతుంది గానీ పైనా ఉంటుంది. ఎన్నిసార్లు వాడినా అయిపోదు. మీదాంట్లో మూడుసార్లు వాడగానే అయిపోయింది."

అల్లుడు కాలిక్యులేటరు తీసుకుని తనే చేసి చూశాడు. ఎంటర్ మాట వినక రెండుసార్లు చెమట పట్టింది. చివరికి నవ్వాడు.

"ఓ, ఇదా! ఇది వాళ్ళ లోపం అత్తయ్యా. ఆ కాలంలో చోటు లేక నాలుగు అరలతో సరిపెట్టుకున్నారు. పై అర ఖాళీ అయితే ఏం పెట్టాలో తోచక ఉన్నదాన్నే ఉంచేశారు. అరల్లో వాడినది పోవాలి, అది న్యాయం."

"ఆ అన్యాయం మీదే మీ మామగారు ఈ ఊళ్ళో కాలువలన్నీ తవ్వించారు. ఏ వీధిలోనూ నీళ్ళు వెనక్కి రాలేదు."

అల్లుడు తల గోక్కున్నాడు. "వెయ్యి అరలు అని నేను యాప్ పేరు కిందే రాసుకున్నాను. అదే కదా మనకి గొప్ప. దాన్ని నాలుగుకి దించితే జనం ఏమంటారు?"

"ఏ జనం బాబూ? ఇప్పటికి ఎంతమంది వాడుతున్నారు?"

"ఇప్పటికైతే... మీరు."

కూతురు పకపకా నవ్వింది. ఎంటరమ్మ నవ్వలేదు. ఏ అంకె ఎక్కడ పెట్టాలో చెప్పిన మనిషి ఇప్పుడు లేడు, ఆ అంకె కూడా అక్కడ ఉండకపోతే తను ఎవరికి చెప్పుకోవాలి? అదే అడగబోయి, "రేపు పదకొండుకి ఇవ్వాలి బాబూ," అని ఊరుకుంది. ఆ గొంతు విని అల్లుడికి నవ్వు మాయమైంది. బల్ల మీదే కంప్యూటరు తెరిచి, కట్టిన ఇల్లు కూల్చుకుంటున్నవాడిలా నిట్టూరుస్తూ తొమ్మిదివందల తొంభై ఆరు అరలు పీకేశాడు. కూతురు కంచాలు పెట్టేలోపే పై అరలోది పోకుండా కట్టుదిట్టం చేశాడు.

ఎంటరమ్మ పది తీసివేతలు చేసింది. పదకొండు చేసింది. నూట రెండు పాయింట్ నాలుగు అయిదు సున్నా కదల్లేదు.

"ఇప్పుడు బాగుందా అత్తయ్యా?"

"ఆఁ," అంది, ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

శనివారం పదింటికే ఇంజినీరమ్మ వచ్చింది, చేతిలో కంపెనీకి రాసిన ఉత్తరంతో సహా. ఇంకా రెండు పేజీలున్నాయి. ఈసారి కూర్చుంది, కూర్చోక తప్పలేదు. ఎంటరమ్మ వేళ్ళు ఫోన్ మీద నడుస్తుంటే రెప్పవేయకుండా చూసింది. చివర సరిచూసుకునే లెక్క ఒకటుంటుంది. మొదటి చోటికీ చివరి చోటికీ ఎత్తులో తేడా రెండు దారుల్లో తీస్తే ఒకటే రావాలి. మిల్లీమీటరుతో సహా ఒకటే వచ్చింది. అప్పటికి పదకొండుకి పావుగంట తక్కువ.

ఇంజినీరమ్మ పుస్తకం తిరగేసి, ఉత్తరం మడిచి, ఫోన్ వైపు చూసింది.

"ఇది భలే ఉందే ఆంటీ. నా ఫోన్లో కూడా వేయించండి. ఇక ఆఫీసులో మేమే చేసుకుంటాం. మీకు ఈ తిప్పలుండవు."

తలుపు దగ్గరున్న అల్లుడి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. రెండో మనిషి దొరికింది! ఎంటరమ్మకి మాత్రం అయిదు నుంచి ఏడు దాకా ఖాళీ సాయంత్రాలు కళ్ళముందు నిలిచాయి. అల్లుడు ఒక్క నిమిషంలో యాప్ వేసి ఇచ్చాడు. ఇంజినీరమ్మ రెండు కొట్టి, ప్లస్ కొట్టి, మళ్ళీ రెండు కొట్టి ఎదురుచూసింది. తెర కూడా ఎదురుచూసింది.

"రెండూ రెండూ రెండంటోందేమిటి?"

ఊరుకుంటే సరిపోయేది. ఎంటరమ్మకి ఊరుకోవడం చేతకాలేదు. పక్కన కూర్చుని, "ముందు రెండమ్మా, తరవాత ఎంటర్. మళ్ళీ రెండు. అప్పుడు ప్లస్," అని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. నాలుగు వచ్చింది. ఇంజినీరమ్మ ఉత్సాహంగా తనంతట తను ఇంకోటి మొదలుపెట్టింది. ఈసారి నాలుగులోంచి ఒకటి తీయబోయి ఒకటి ముందు కొట్టింది, మైనస్ మూడు వచ్చింది. మూడోసారి తెర మీద ఏమీ మిగల్లేదు. ఎంటరమ్మ ఓపిగ్గా మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. అల్లుడు అరల సంగతి వివరించబోతే ఇంజినీరమ్మ చెయ్యెత్తి ఆపేసింది.

"బాబోయ్! ఇది నేనెప్పుడు నేర్చుకోవాలి, ఆఫీసులో వాళ్ళకెప్పుడు నేర్పాలి, ఆ కాలువలెప్పుడు తవ్వాలి!" అని ఫోన్ సంచిలో పడేసింది. ఆ సంచిలోంచే మూడు లెవెలు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీరే కానివ్వండి ఆంటీ. మొదటిది గురువారానికి అవుతుందా?"

ఎంటరమ్మ పైనున్న పుస్తకం తెరిచి రెండు పేజీలు తిప్పి చూసింది.

"బుధవారం పంపించండి మనిషిని. ఆ సర్వేయరుగారికి మాత్రం ఓ మాట చెప్పండమ్మా, ఒకటీ ఏడూ ఒకేలా రాస్తున్నారు."