వెదురు పూసిన యేడు

మొన్నామధ్య మా వీధి చివర కొత్తగా తెరిచిన ఆర్గానిక్ షాపులో కొర్రలు కొందామని వెళ్తే, అరలో వరసగా పేర్చిన కాగితం సంచుల్లో ఒకదాని మీద ‘వెదురు బియ్యం, అరకు అడవుల నుంచి’ అన్న అక్షరాలు కనిపించాయి. మోకాళ్ళ నొప్పులకి అంతకు మించిన మందు లేదని కౌంటరు దగ్గరున్న అమ్మాయి ఎంతో శ్రద్ధగా చెప్పుకుపోతోంది గాని, నా మోకాళ్ళ సంగతి నాకప్పుడు గుర్తే లేదు. ఆ గింజ సంచిలోకి ఎక్కిందంటే ఎక్కడో ఒక కొండవాలున వెదురు పూసి, గింజ రాల్చి, పొదలకి పొదలే నిలువునా ఎండిపోయాయని అర్థం. ఆ అమ్మాయికి అది తెలియాల్సిన అవసరం లేదు. నాకు మాత్రం తెలుసు, తెలియడమే కాదు, ఆ పువ్వుని నమ్ముకుని నేను చేసిన ఒక తప్పు ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది.

ఇరవైమూడేళ్ళ వయసులో నాకు మొదటి ఉద్యోగం అరకు అవతల ఒక కొండ ఊళ్ళో వచ్చింది. శృంగవరపుకోట నుంచి ఘాట్ రోడ్డు మీద బస్సు, బస్సు దిగాక రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి నడక, నడక చివర పాతిక ఇళ్ళు, ఒక పాకబడి, బడికి నేనొక్కర్తినే పంతులమ్మని. మన తరం వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఏజెన్సీలో పోస్టింగంటే ఇంట్లో వాళ్ళు శిక్ష పడ్డట్టే చూసేవారు. మా నాన్న ఒక్కరే సంతోషించారు. ఆయన హైస్కూల్లో చరిత్ర మాస్టారు, పాత రాయి కనిపిస్తే భోజనం మరిచిపోయే మనిషి. నాలుగేళ్ళుంటే బదిలీ చేస్తారన్నారు గాని, ఆ కొండమీద నేనున్నానన్న సంగతి పైవాళ్ళు మరిచిపోయినట్టున్నారు, పదకొండేళ్ళు అక్కడే గడిచిపోయాయి.

వానాకాలంలో మంచు గుమ్మం దాటి లోపలికొచ్చి కూర్చునేది. బడి వదిలాక పలకరించడానికి ట్రాన్సిస్టర్ తప్ప ఇంకేమీ ఉండేది కాదు, అదీ బ్యాటరీలు అయిపోతే మూగది. నాకు పెళ్ళి కాలేదు, ఎందుకు కాలేదన్నది వేరే కథ, అందులో చెప్పుకోదగ్గ విశేషమూ లేదు. ఆ ఒంటరితనానికి నేను కనిపెట్టిన మందు వింతలు పోగుచేయడం. పోడు దున్నుతుంటే బయటపడ్డ నున్నటి నల్లరాయి ఒకటి ఇంటి చూరులో దాచుకుని, అది పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడిందనీ, అదున్న ఇంటిమీద మళ్ళీ పిడుగు పడదనీ అక్కడివాళ్ళు చెప్పేవారు. దాని బొమ్మ గీసి నాన్నకి పంపితే, అది ఇనుము తెలియని కాలపు మనుషులు అరగదీసి చేసుకున్న గొడ్డలి అని ఇన్లాండ్ లెటర్ నిండా రాశారు. ఆ ఉత్తరం చదివాక వేల ఏళ్ళ కిందట నా గుమ్మం ముందే ఎవరో చెట్లు నరికారన్న ఊహ వచ్చి, ఆ సాయంత్రం నాకెవరో తోడున్నట్టే అనిపించింది.

ఆ వింతలన్నిటిలో పెద్దది వెదురు. ఏ చెట్టయినా ఏటా పూస్తుంది గాని, వెదురు ఒక మనిషి జీవితంలో ఒకసారో రెండుసార్లో పూస్తుంది. పూస్తే ఒక కొండంతా కలిసే పూస్తుంది, దుంప తవ్వి దూరాన ఎక్కడో నాటినా అదీ అప్పుడే పూస్తుంది, పూసి గింజకట్టి చచ్చిపోతుంది. గింజలకి ఎలుకలు పెరిగి, గింజ అయిపోయాక చేల మీద పడతాయి, అందుకే కొండవాళ్ళు ఆ యేడుని మరిచిపోరు. చైనాలో ఒక రకం నూరేళ్ళకి పైబడి ఒక్కసారే పూస్తుందనీ, అక్కడి పూర్వులు ఆ సంవత్సరాలు రాసిపెట్టుకున్నారనీ నాన్న రాశారు. మనవాళ్ళు మాత్రం రాయకుండానే గుర్తుపెట్టుకున్నారని నాకు గర్వంగా ఉండేది.

ఆ గర్వమే కొంప ముంచింది. బడిలో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు రిజిస్టరులో పుట్టిన తేదీ రాయాలి కదా. నాకు ముందున్న మాస్టారు ఊరందరి పిల్లలకీ జూలై ఒకటో తేదీ రాసేసి, యేడు తన కంటికి తోచినట్టు వేసేవారు. నాకది నచ్చలేదు. తల్లుల్ని కూర్చోబెట్టి, పెద్దగాలి వేసిన యేడా, గెడ్డ పొంగిన యేడా, వెదురు పూసిన యేడా అని ఓపిగ్గా అడిగి, ఏది ఎప్పుడు జరిగిందో ఫారెస్ట్ గార్డుని కనుక్కుని, నోటుబుక్కులో ఒక పట్టిక తయారుచేసుకున్నాను. చదువుకున్నదాన్నన్న మిడిసిపాటు నాకు తక్కువేం కాదు.

నేనుండే గది వెనకింట్లో ఒక వితంతువు ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది, మా వైపు అక్కని పిలిచినట్టే అప్పా అని పిలిచేదాన్ని. పై కొండమీది ఊరి నుంచి కాపురానికి వచ్చిన మనిషి. నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేది, నేను ఏడిస్తే చూడనట్టు పొయ్యి ఊదుకునేది. ఆవిడకి ఒక్కతే కూతురు. ఆ పిల్లని బడిలో చేర్చేటప్పుడు ఎప్పుడు పుట్టిందని అడిగితే, మా అమ్మగారింట్లో కన్నాను, ఎదురు పూసినేడు అంది. పట్టిక తీసి చూశాను. గార్డు చెప్పిన లెక్కన ఆ పిల్లకి ఆరేళ్ళు రావాలి. మనిషిని చూస్తే పెద్దదానిలా ఉందని మనసులో ఒక మూల అనిపించింది. అయినా కళ్ళని కాదని పట్టికని నమ్మి, ఆరేళ్ళే రాశాను.

అప్ప కూతురు బాగా చదివింది. నా దగ్గర అయిదు అయ్యాక కింద ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి పది పాసయింది, ఆ కొండమీద పది పాసయిన మొదటి ఆడపిల్ల అదే. ఆ యేడు గిరిజన ఆడపిల్లలకి నర్సు ట్రైనింగులో సీట్లు ఇస్తున్నారని తెలిసి, దరఖాస్తు నేనే నింపాను. దానికి నర్సు కావాలని ఎంత ఉండేదంటే, హాస్టల్లో ఎవరికి దెబ్బ తగిలినా తన ఓణీ అంచు చింపి కట్టు కట్టేదట. వారం తిరిగేసరికి దరఖాస్తు తిరిగొచ్చింది. పదిహేడు నిండాలి, పిల్లకి పదహారే ఉన్నాయన్నారు.

తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ కాగితం పట్టుకుని బడికి వచ్చారు. నేను నోటుబుక్కు తీసి, నువ్వు చెప్పిన లెక్కే కదా అప్పా అని చూపించబోతే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“అది కాదు పంతులమ్మా. మీరనీది ముల్లు. మేం దాన్ని ఎదురనం. మా పైకొండ మీదుండే సన్నదే ఎదురు. అది పూసిన మూడేళ్ళకి గాని ముల్లు పూయలేదు.”

మైదానంలో పుట్టిన నాకు వెదురంటే కంచెల్లో ఉండే లావుపాటి ముళ్ళ వెదురే. గార్డు చెప్పిందీ దాని సంగతే. ఆవిడ పుట్టింటి కొండమీద వెదురంటే చేటలూ తట్టలూ అల్లుకునే సన్న వెదురు. రెండూ ఒకే మాట, రెండూ వేరే సంవత్సరాలు. ఆ పిల్లకి నిజంగా పంతొమ్మిదేళ్ళు.

దిద్దడానికి దారి లేకపోలేదు. నేను రాసింది తప్పని ఒక కాగితం రాసి పై ఆఫీసులో సంతకం పెట్టాలి. పెడితే విచారణ అంటారు, రిజిస్టరంతా తిరగేస్తారు, విచారణ తేలేదాకా నా బదిలీ ఆపేస్తారు. పదకొండేళ్ళ తర్వాత ఆ వారమే బదిలీ ఉత్తర్వులు వస్తాయని కబురు, అక్కడ నాన్నకి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు. అవన్నీ నిజాలే. కాని వాటన్నిటి కింద ఉన్నది భయం, ఒట్టి భయం. అప్ప మొహంలోకి చూడకుండా, రిజిస్టరులో ఒకసారి రాసింది దిద్దకూడదని రూలుందనీ, ఒక్క యేడు ఆగితే వయసు నిండుతుందనీ, వచ్చే యేడు మళ్ళీ పెడదామనీ చెప్పాను. అలాంటి రూలేదీ లేదు. ఆవిడ సర్లెండి పంతులమ్మా అని కూతురి భుజం మీద చెయ్యేసి నడిపించుకుపోయింది.

పది రోజుల్లో ఉత్తర్వులొచ్చాయి. నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని రెండు గెడ్డలూ దాటించి బస్సెక్కించింది అప్పే. మరుసటి యేడు ఆ సీట్లు ఇవ్వలేదని తర్వాత తెలిసింది. నేను ఉత్తరం రాయలేదు. రాద్దామనుకున్న ప్రతిసారీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేదాన్ని. నాన్న మరో రెండేళ్ళు బతికారు, నేను ఇంకో నాలుగు ఊళ్ళలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు విజయనగరంలో రెండు గదుల వాటాలో ఒక్కదాన్నే ఉంటున్నాను. నా పుట్టినరోజుకి బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది, ఇంకెవరూ చెప్పరు.

షాపు నుంచి వచ్చిన నాలుగోనాటికి అరకు రైలెక్కాను. ఇప్పుడా ఊరికి సిమెంటు రోడ్డు ఉంది, గెడ్డల మీద వంతెనలున్నాయి, ఆటో సరాసరి బడి ముందే దింపింది. అప్ప పోయి చాలా కాలమైందట. కూతురు కాఫీ తోటలో మిరియాల తీగలు కడుతూ, జుట్టు సగం నెరిసి, నన్ను చూసి ముందు పోల్చుకోలేదు, గొంతు విన్నాక పరుగెత్తుకొచ్చింది. ఇంటికి తీసుకెళ్ళి టీ పెట్టింది, కోడిగుడ్డు అట్టేస్తానంది, నా మోకాళ్ళు చూసి మందు నూరతానంది. అలా తిరుగుతుంటే ఎంత నేర్పున్న చేతులో అనిపించింది. ఇక ఆగలేక, ఆ రోజు నేను చెప్పిన రూలు అబద్ధమని మొదలుపెట్టాను. అప్ప కూతురు నన్ను పూర్తి చేయనివ్వలేదు.

“తెలుసండి. ఆ రోజు దార్లోనే అమ్మ సెప్పీసింది. పంతులమ్మ తప్పు రాసీసింది, ఇప్పుడు ఒప్పుకుంటే ఆవిడ ఉజ్జోగం మీదకొస్తాది, ఆళ్ళ నాన్నకి బాగోలేదంట, ఎవలికీ సెప్పకు అంది. నానెవలికీ సెప్పలేదు.” ఇంత చెప్పి నవ్వింది కూడా. “మంచిదేలెండి. కాయితం మీద ఇంకా మూడేళ్ళు సిన్నదాన్నే కదా.”

ముప్ఫయ్యయిదేళ్ళు నేనొక్కర్తినే మోస్తున్నాననుకున్నదాన్ని ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు నా కోసం మోశారు. ఏడుపొచ్చింది. తల్లిలాగే తనూ చూడనట్టు గ్లాసులు కడుక్కుంటూ కూర్చుంది. నేను ఏదో ఒకటి మాట్లాడాలని, పెళ్ళయి ఎన్నేళ్ళయిందమ్మా అని అడిగాను. వెంటనే, ఆలోచించకుండా చెప్పింది.

“మీరెల్లిపోయినేడేనండి.”

నేను వినలేదనుకుందేమో, పక్కింటివాళ్ళ ఇల్లు కాలింది కూడా మీరెళ్ళిపోయిన యేడే అని, వాళ్ళ పెద్దమ్మాయి పుట్టింది దాని మరుసటి యేడని విడమరిచి చెప్పింది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అలాగే లెక్క చెబుతారట.

ఇప్పుడక్కడి పిల్లలందరూ ఆస్పత్రిలోనే పుడుతున్నారు, గంటా నిమిషాలతో సర్టిఫికెట్టు చేతికిస్తున్నారు, ఒక మాటని ఇంకోలా విన్న పాపానికి ఏ ఆడపిల్లకీ సీటు పోదు. అది చూసి నిజంగానే సంతోషించాను. గాలినీ గెడ్డనీ పువ్వునీ పట్టి వయసు చెప్పే మనుషులు ఇక పదిమందో పన్నెండుమందో మిగిలారు, వాళ్ళూ వెళ్ళిపోతారు. పదకొండేళ్ళు వాళ్ళ పిల్లల చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించాను, ఏ యేడు వచ్చానో ఆ ఊళ్ళో ఒక్కరికీ గుర్తులేదు. వెళ్ళిపోయిన యేడు మాత్రం అందరికీ గుర్తుంది.